కొండదారిలో మోటారుసైకిలు పాఠాలు

మీ ఇంట్లో మోటారుసైకిలు ఉండే ఉంటుంది. మీరు కాకపోతే మీ అబ్బాయో, అల్లుడో నడుపుతూ ఉంటారు. "ఎవరు నేర్పారు?" అని ఒకసారి అడిగి చూడండి. మన వైపు చాలామంది స్నేహితుడి బండి తీసుకుని, బడి మైదానంలో నాలుగు చుట్లు తిరిగి నేర్చుకున్నవారే. మైదానపు రోడ్లకు ఆ విద్య సరిపోవచ్చు. కొండ దిగేటప్పుడే దాని లోటు తెలుస్తుంది.

మోటారుసైకిలుతో చెన్నైది పాత చుట్టరికం. 1955లో మద్రాస్ మోటార్స్ వారు ఇంగ్లండు కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థను స్థాపించారు. బుల్లెట్ బండ్లు తిరువొత్తియూరులో తయారయ్యాయి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాక్ వచ్చింది. అమెరికాలో కీత్ కోడ్ 1980లో ప్రారంభించిన కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ 2010లో ఆ ట్రాక్ మీదికి వచ్చి మలుపు తిరిగే విద్య నేర్పింది. ట్రాక్ మీది పాఠం ఒక ఎత్తు, కొండదారి పాఠం మరొక ఎత్తు. అనుభవం ఉన్నవారి వెంట జట్టుగా కొండలకు వెళ్ళి నేర్చుకునే యాత్రలు అందుకే పుట్టాయి.

అటువంటి యాత్రకు చెన్నైవారికి అనువైన కొండ ఏలగిరి. వేలూరు, వాణియంబాడి దాటి వెళ్ళాలి. దారిలో 14 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయి. చెయ్యి తిరిగినవారు నామక్కల్ జిల్లాలోని కొల్లి కొండలకు వెళతారు. అక్కడి మలుపులు 70.

మనకు బాగా తెలిసిన కొండదారి తిరుమలది. అక్కడ ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఎదురుగా బండి రాదన్న ధీమా మనకు అలవాటైపోయింది. ఏలగిరిలో ఎక్కేవారికీ, దిగేవారికీ ఒకటే దారి. మలుపులో కుడివైపుకు జరిగితే బస్సుకు ఎదురు వెళ్ళినట్టే. ఇరుకు చోట ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలని మన రోడ్డు నిబంధనలు కూడా చెబుతున్నాయి.

ఇక పాఠాల సంగతి. మొదటిది చూపు. చూపు ఎటు ఉంటే బండి అటే పోతుంది. లోయ వైపు కాదు, మలుపు చివర రోడ్డు ఎటు తిరుగుతోందో అటు చూడాలి. రెండవది వేగం. మలుపులోకి వెళ్ళకముందే, బండి నిటారుగా ఉండగానే వేగం తగ్గించాలి. వంగిన బండికి గట్టిగా బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. మూడవది గేరు. ఏ గేరులో ఎక్కామో ఇంచుమించు ఆ గేరులోనే దిగాలి. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది.

పెట్రోలు కలిసొస్తుందని ఇంజను ఆపి, న్యూట్రల్‌లో కొండ దిగేవారిని మీరు చూసే ఉంటారు. అప్పుడు బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. అదేపనిగా తొక్కితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. మిగిలే పెట్రోలు ఎంత? గ్లాసెడు కూడా కాదు. దానికి ప్రాణం పణంగా పెడతామా?

జట్టుకూ ఒక పద్ధతి ఉంది. దారి తెలిసిన మనిషి ముందు ఉంటాడు. బాగా అనుభవం ఉన్న మరొకరు అందరికంటే వెనుక వస్తారు. కొత్తవారు ముందున్న మనిషి వెనకాలే ఉంటారు. దారి చీలిన చోట ప్రతివారూ తమ వెనుక బండి కనిపించేదాకా ఆగుతారు. వెనుకబడితే వదిలిపోరన్న నమ్మకం ఉంటే తొందర ఉండదు. కొండదారిలో చాలా ప్రమాదాలు ముందు బండిని అందుకోవాలన్న ఆ తొందరలోనే పుడతాయి.

మీకు యాత్రకు వెళ్ళే వీలు లేకపోవచ్చు. ఈసారి మీ అబ్బాయి స్నేహితులతో కొండకు బయలుదేరితే హెల్మెట్ పెట్టుకోమనండి, వెనుక కూర్చునేవారికీ ఒకటి ఇవ్వమనండి. "ఎక్కిన గేరులోనే దిగు నాయనా" అని ఆ ఒక్క మాట కూడా చెప్పి పంపండి.