శ్రీశైలపు విద్యుత్తు, నెల్లూరి నీరు

కృష్ణానదికిని నెల్లూరు మండలమునకును స్వభావసిద్ధమైన సంబంధ మేమియు లేదు. మన నది పెన్న. 1855లో నెల్లూరి వద్దను, పిదప సంగము వద్దను ఆనకట్టలు కట్టి ఆ నీటిని పొలములకు మరల్చిరి. మన పెద్దలు మొలగొలుకులు పండించినది ఆ నీటితోడనే. అయినను నేడు కోవూరు, ఇందుకూరుపేట రైతులు వానకాలమున ఆత్రముతో విచారించునది నల్లమల నడుమనున్న శ్రీశైల జలాశయమున నీరెన్ని యడుగులున్నదని!

శ్రీశైలము సేద్యమునకై తలపెట్టినది కాదు. 1963లో నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసినప్పు డది కేవలము జలవిద్యుత్తునకై యుద్దేశింపబడిన ఆనకట్ట. కొండలు దగ్గరగా వచ్చి నది లోతుగా పారెడి తావున సుమారు 145 మీటర్ల యెత్తున దానిని నిలిపిరి. కుడిగట్టున ఏడు యంత్రములు, 770 మెగావాట్లు. ఎడమగట్టున కొండగర్భమును తొలిచి యమర్చిన ఆరు యంత్రములు, 900 మెగావాట్లు. ఇందులకై సుమారు నూరు గ్రామములు మునిగినవి. 1981లో ఇండ్లను కూల్చి జనులను వెడలగొట్టిన తీరు ప్రజాప్రభుత్వమునకు ఎంతమాత్రమును గౌరవప్రదము కాదు.

నెల్లూరిని ఈ కథలోనికి తెచ్చినది మద్రాసు దాహము. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు తలకొక 5 టి.ఎం.సి.ల చొప్పున 15 టి.ఎం.సి.ల కృష్ణాజలము నా నగరమున కీయ నంగీకరించినవి. 1983లో రామారావుగారును రామచంద్రన్‌గారును ముఖ్యమంత్రులై యుండగా తెలుగుగంగ ప్రారంభమయినది. పోతిరెడ్డిపాడున కృష్ణను విడిచిన నీరు రాయలసీమ గుండ వచ్చి, సోమశిలలో నిలిచి, కండలేరు చేరి, కాలువలో పూండికి పోవును. 1996లో అది మద్రాసు ముట్టినది. సోమశిలలో 78, కండలేరులో 68 టి.ఎం.సి.లు పట్టును. దారినిచ్చినవారికి దప్పిక తీరకుండునా? మన పెన్న డెల్టాకును మెట్టభూములకును ఆ నీటి యాసరా దొరకినది.

చిక్కంతయు మట్టములో నున్నది. విద్యుత్తు నీటిని త్రాగివేయదు. యంత్రమును త్రిప్పి వచ్చిన నీరు నాగార్జునసాగరమునకు దిగి, నల్లగొండకును గుంటూరునకును ఉపయోగపడును. దానిని వృథా యనుట న్యాయము కాదు. కాని పోతిరెడ్డిపాడు తూములకు సుమారు 841 అడుగుల దిగువ నీరందదు. యంత్రములో, అంతకంటె క్రింది మట్టమునను తిరుగును. అనగా ఎగువ వానలు ఆలస్యమైన యేట ముందుగా విద్యుత్తు తీసినచో సాగరమునకు నష్టము లేదు, నెల్లూరికి తూము మూతపడును. 2021 జులైలో తెలంగాణ, ఆంధ్రప్రదేశముల నడుమ చెలరేగి సుప్రీంకోర్టు వరకు పోయిన తగవున కిదియే మూలము. (అదే యేడు నవంబరులో పెన్న తానే పొంగి మన యూళ్లను ముంచినది. దైవవిలాసము!) పైగా ఆదిలో 308 టి.ఎం.సి.లు పట్టిన జలాశయము పూడిక చేత 215కు దిగజారినది. కావున పూర్వపు టుదారత యిప్పుడు చెల్లదు.

విద్యుత్తు మనకు వలదా యనిన, వలయును. తీరమున రొయ్యల గుంటలలో గాలి చక్రము లొక పూట యాగిన పెట్టుబడి నీటిపాలగును. కృష్ణపట్టణము చెంత సంజీవయ్యగారి పేరిటి కేంద్రము బొగ్గు కాల్చి విద్యుత్తు నిచ్చుచున్నది. ఆ బూడిదను భరించువారు మనవారే. ఆ భారము మోయువారు తమ కాలువ నీటి మాట యడుగుట స్వార్థ మనిపించుకొనదు.

ఎడమగట్టు యంత్రములు వదలిన నీటిని మరల పైకి తోడగలిగిన జాతివి. పగటివేళ సూర్యరశ్మి విద్యుత్తు మిగిలినప్పుడు నీటి నెత్తి, సాయంకాలము కొరత వేళ వదలినచో మట్టము చెడదు, వెలుగును తగ్గదు. ఇరు ప్రభుత్వములును వాని నట్లు నడుపుటకు సమ్మతించి, తూముల మట్టమునకు నీరు చేరువరకు కేవల విద్యుత్తునకై నీరు దింపమని వ్రాతమూలకముగ నొప్పుకొనవలెను. కృష్ణానదీ యాజమాన్య మండలి 2014 నాటి విభజన చట్టము వలన నేర్పడినదే. ఈ యొడంబడికను వ్రాయించుట దాని పని.