మీకు తెలుసా? పరాన్నజీవిని పెంచాకే జన్యువును కత్తిరిస్తారు!

ఒక జన్యువు పనేమిటో తెలియాలంటే దాన్ని తీసేసి చూడాలి. మలేరియా కలిగించే ప్లాస్మోడియం ఫాల్సిపారంతో అదంత తేలిక కాదు. మన రక్తంలో ఉన్నప్పుడు దానికి క్రోమోజోముల సెట్టు ఒక్కటే. ప్రాణాధారమైన జన్యువును తీసేస్తే పరీక్షించడానికి జీవే మిగలదు. ‘తొలగించడం కుదరలేదంటే అది ప్రాణాధారమనేగా?’ అనొచ్చు. కాదు, ప్రయోగమే విఫలమై ఉండొచ్చు. అందుకే జన్యువుకు రెండువైపులా లాక్స్‌పీ గుర్తులు చేర్చి, పరాన్నజీవిని మామూలుగా పెంచి, ఆపైన రాపమైసిన్ అనే మందు కలుపుతారు. దాంతో పరాన్నజీవిలో ముందే రెండు ముక్కలుగా చేర్చి ఉంచిన క్రీ ఎంజైమ్ ఒక్కటై ఆ గుర్తుల దగ్గర జన్యువును కత్తిరిస్తుంది. మందు కలపనివి పెరిగి, కలిపినవి ఎర్రకణంలోనే ఆగిపోతే సాక్ష్యం దొరికినట్టే. మందే చంపిందేమోనన్న అనుమానం తీరడానికి లాక్స్‌పీ లేనివాటికీ అదే మోతాదు ఇచ్చి పోల్చిచూస్తారు.