గేర్‌బాక్స్‌కి జ్వరం వస్తే

ఆటోమేటిక్ కారంటే గేర్లు మార్చే పనే ఉండదు, ఇంకేం కష్టం అనుకుంటాం మనం. ఆ పని మనం మానేశాం గానీ కారు మానలేదు. మన ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పనిని లోపల ఒక ఆయిల్ చేస్తోంది. మన కాలు నొప్పి పుడితే మనకు తెలుస్తుంది. ఆ ఆయిల్ వేడెక్కితే మాత్రం శబ్దం రాదు, పొగ రాదు. తెలిసేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

తెలుగు శాఖ గోడపత్రికలో ఈ గోలేమిటి అని మేడమ్ గారు అడగకముందే చెప్పేస్తాను. మాది తోరణగల్లు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, గ్యారేజీలో రెండూ కలిసిన భాష. మా పెద్దమ్మ కొడుకు, మా అన్న, అప్పు చేసి ఒక పాత ఆటోమేటిక్ స్పోర్ట్స్ కారు కొన్నాడు. దాన్ని చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద నడపాలని వాడి కోరిక. కారు పుస్తకం ఇంగ్లీషులో ఉంది. దాన్ని చదివి తెలుగులో చెప్పే పని నాకు పడింది. అప్పుడు అర్థమైన విషయాలే ఇవి.

వేడి ఎక్కడ పుడుతుంది?

రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి, ఒకదానికే కరెంటు ఇచ్చామనుకోండి. ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. గాలికి బదులు ఆయిల్ ఉంటే అది టార్క్ కన్వర్టర్. ఒక ఫ్యాను ఇంజిన్‌కి, రెండోది గేర్లకి కలిపి ఉంటాయి. మధ్యలో ఇంకో చిన్న చక్రం, తిరిగొచ్చే ఆయిల్‌ని సరైన దిక్కుకు మళ్లించి బలం పెంచుతుంది. ఇలా ద్రవంతో శక్తిని అందించే పద్ధతికి జర్మనీ ఇంజినీరు హెర్మన్ ఫోటింగర్ 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. కార్లలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ 1940 మోడల్ కార్లలో హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెట్టి అమ్మింది.

రెండు ఫ్యాన్లూ ఒకే వేగంతో తిరిగితే ఇబ్బంది లేదు. మొదటిది వేగంగా, రెండోది నిదానంగా తిరిగినప్పుడు మధ్యలో ఆయిల్ కవ్వం కింద మజ్జిగలా చిలకబడుతుంది. కారును కదిలించని శక్తి అంతా అక్కడ వేడి అయిపోతుంది. అందుకే వేగం అందుకున్నాక రెండిటినీ కలిపి బిగించే లాకప్ క్లచ్ ఒకటి ఉంటుంది. అది బిగిస్తే వేడి బాగా తగ్గుతుంది. గేరు మారే ప్రతిసారీ లోపలి క్లచ్ ప్లేట్లు ఒక్క క్షణం ఒరుసుకుంటాయి. అక్కడా కొంత వేడి పుడుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. 200 హార్స్‌పవర్ ఇంజిన్ అంటే సుమారు 150 కిలోవాట్లు. గట్టిగా తొక్కినప్పుడు అందులో పదో వంతు గేర్‌బాక్స్‌లో పోయిందనుకుంటే 15 కిలోవాట్లు. మన హాస్టల్ గీజరు 2 కిలోవాట్లది అనుకుంటే, ఏడెనిమిది గీజర్లు ఒకేసారి వేసినట్టు. అదీ కొద్ది లీటర్ల ఆయిల్‌లో!

రోడ్డు వేరు, ట్రాక్ వేరు

రోడ్డు మీద ఎంత దూకుడుగా నడిపినా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కేది కొన్ని సెకన్లే. తర్వాత ఒక లారీ అడ్డమొస్తుంది, ఒక ఊరొస్తుంది. ఆ విరామంలో ఆయిల్ చల్లబడుతుంది. ట్రాక్ మీద విరామం లేదు. ఇరుంగాట్టుకోట్టైలో ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. మలుపు దగ్గర గట్టిగా బ్రేకు, గేర్లు కిందికి, మళ్లీ పూర్తి బలం, గేర్లు పైకి. ఆ చుట్టు అయిపోగానే ఇంకో చుట్టు. పుట్టిన వేడి బయటికి పోకముందే కొత్త వేడి వచ్చి చేరుతుంది.

ఆటోమేటిక్ మోడ్‌లో వదిలేస్తే ఇంకో చిక్కు ఉంది. ముందు మలుపు వస్తోందని గేర్‌బాక్స్‌కి తెలియదు. మనం కాలు తీయగానే పై గేరు వేస్తుంది, తొక్కగానే కింది గేరు వేస్తుంది. ఈ తడబాటులో ప్లేట్లు అనవసరంగా ఒరుసుకుంటాయి.

ఆయిల్ ఏమవుతుంది?

బళ్లారి వైపు వాళ్లకి ఉగ్గాని, బజ్జీ గురించి చెప్పాలా! బజ్జీ బండి మీద పొద్దున బంగారు రంగులో ఉన్న నూనె సాయంత్రానికి ఎలా నల్లబడి చిక్కబడుతుందో చూస్తూనే ఉంటాం. గేర్‌బాక్స్ ఆయిల్‌దీ అదే కథ. ఎర్రగా ఉండే ఆయిల్ ముదురు గోధుమ రంగుకు తిరిగి, మాడు వాసన వస్తే దాని పని అయిపోయిందని అర్థం.

సాధారణంగా ఆ ఆయిల్ 80 నుంచి 95 డిగ్రీల మధ్య హాయిగా పనిచేస్తుంది. ఆపైన సుమారు ప్రతి 10 డిగ్రీలకూ దాని ఆయుష్షు సగం అవుతుందని మెకానిక్కుల్లో ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది. 120 దాటితే లోపల జిగురు పొర కట్టడం, రబ్బరు సీళ్లు గట్టిపడటం మొదలవుతాయి. 150 దగ్గరికి పోతే ప్లేట్లు జారి మాడిపోతాయి. జారితే వేడి, వేడెక్కితే ఇంకా జారడం. జ్వరం మీద జ్వరం అన్నమాట. ఆయిల్ మారిస్తే వేలల్లో పోతుంది, గేర్‌బాక్స్ విప్పితే లక్షల మాట.

కొత్త కార్లు ఆ దాకా రానివ్వవు. వేడి హద్దు దాటగానే కంప్యూటర్ ఇంజిన్ బలం తగ్గించి, ఏదో ఒక గేరులోనే ఉంచేస్తుంది. కారును కాపాడటానికి అది మంచిదే. కానీ వెనక వేగంగా వచ్చే కారు ఉన్నప్పుడు మన కారు హఠాత్తుగా నిదానిస్తే అది ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే ఈ విషయం డబ్బుతో తీరేది కాదు.

మరి ఏం చేయాలి?

ట్రాక్‌కి వెళ్లేముందు: కంపెనీ చెప్పిన రకం కొత్త ఆయిల్ పోయించాలి. మట్టం సరిగ్గా ఉండాలి. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఎక్కువైతే నురగ కడుతుంది, రెండూ చేటే. చాలా కార్లలో ఈ ఆయిల్ ఇంజిన్ నీళ్లతోనే చల్లబడుతుంది. ఆ నీళ్లే 90 డిగ్రీలు ఉంటే ఆయిల్ అంతకన్నా ఎలా చల్లబడుతుంది? కాబట్టి ముందు వైపు, గాలి తగిలే చోట విడిగా ఒక ఆయిల్ కూలర్ పెట్టిస్తారు. దానికి థర్మోస్టాట్ ఉండాలి, లేకపోతే మామూలు రోజుల్లో ఆయిల్ మరీ చల్లగా ఉండిపోతుంది. ఆయిల్ వేడి చూపించే మీటరు తప్పనిసరి. డ్యాష్‌బోర్డు మీద మామూలుగా కనిపించే ముల్లు ఇంజిన్ నీళ్లది, గేర్‌బాక్స్‌ది కాదు.

నడిపేటప్పుడు: మొదటి చుట్టు నిదానంగా. తర్వాత మాన్యువల్ మోడ్‌లో గేరు మనమే ఎంచుకోవాలి. బ్రేకూ యాక్సిలరేటరూ కలిపి తొక్కి ఒక్కసారిగా దూకించే సరదా వద్దు. కారు కదలకుండా ఇంజిన్ తిరిగితే ఆ బలమంతా ఆయిల్‌లో వేడి కింద మారుతుంది. మూడు నాలుగు గట్టి చుట్లు అయ్యాక, మీటరు పెరుగుతుంటే ఇంకా ముందే, ఒక చుట్టు పై గేరులో, తక్కువ బలంతో తిరగాలి. హెచ్చరిక దీపం వెలిగితే రేసు దారి నుంచి పక్కకు తప్పుకుని, చెయ్యో ఇండికేటరో చూపించి లోపలికి వచ్చేయాలి.

ఆపాక: ఇంజిన్ వెంటనే ఆపకూడదు. ఆయిల్ పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది, ఆపితే ఆయిల్ కూలర్ దాకా పోదు. పార్కులో పెట్టి కొన్ని నిమిషాలు ఊరికే తిరగనివ్వాలి. బ్రేకులు కూడా కాలుతూ ఉంటాయి కాబట్టి హ్యాండ్ బ్రేక్ లాగకుండా, లారీ వాళ్లలాగా టైరు కింద చెక్కో రాయో పెట్టడం మేలు.

అన్న దగ్గర ఉన్న డబ్బుకి కూలరో, ఉరిమే సైలెన్సరో ఒక్కటే వస్తుంది. వాడి మనసు సైలెన్సర్ మీద. "తెలుగు చదివేదానివి, నీకెందుకే ఇవన్నీ?" అన్నాడు. "చదివి చెప్పమన్నది నువ్వే కదన్నా. శబ్దం అందరికీ వినిపిస్తుంది, వేడి ఎవరికీ వినిపించదు" అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కూలరు ధర కనుక్కోమని మెకానిక్‌కి తనే ఫోన్ చేశాడు.

మా ఊరి కొలిమి చెప్పే మాట

మా ఊళ్లో ఉక్కు ఫ్యాక్టరీ ఉంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కరిగిన ఇనుము దాదాపు 1,500 డిగ్రీలు ఉంటుంది. దాన్ని పట్టుకున్న కొలిమి గోడ కూడా ఉక్కుదే! ఆ గోడ కరిగిపోకపోవడానికి కారణం, లోపల ఇటుకల వరుస, దాని వెనక ఎడతెగకుండా తిరిగే నీళ్లు. అంటే వేడి పుట్టడం తప్పు కాదు. పుట్టినంత వేగంగా బయటికి పంపలేకపోవడమే ప్రమాదం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా ఈ కార్లకి గేర్లు మార్చే పనే లేదు. అయినా వాటి బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు తప్పలేదు. యంత్రం మారినా ఈ సూత్రం మారలేదు.

మనకేం పని?

మనలో ట్రాక్ మీదికి వెళ్లేవాళ్లు ఎందరో తెలియదు గానీ, స్కూటీ నడిపేవాళ్లం చాలామందిమి. అది కూడా ఆటోమేటిక్కే. బెల్టు, ఒక చిన్న క్లచ్ ఉంటాయి. ముగ్గురం ఎక్కి గట్టు మీదికి నిదానంగా ఎక్కిస్తే మాడు వాసన వస్తుంది చూడండి, అది ఆ క్లచ్ జారుతున్న వాసన. ఎండాకాలంలో సండూరు కొండల్లో, ఖనిజం లారీల వెనక ఆటోమేటిక్ కారులో ఇరుక్కుంటే గట్టు మీద యాక్సిలరేటర్ తొక్కి కారును నిలబెట్టకండి, బ్రేకు తొక్కండి. ముందు లారీతో కాస్త ఎడం ఉంచి, దారి దొరికినప్పుడు ఒకేసారి కదలండి. ఎత్తులో కింది గేరు మీరే వేసి ఉంచండి. వేడి దీపం వెలిగితే పక్కకు ఆపి, ఏసీ కట్టేసి, పార్కులో ఇంజిన్ తిరగనివ్వండి.

కారు కొనేటప్పుడు రంగు, మైలేజీ అందరం అడుగుతాం. ఈసారి ఇంట్లో ఎవరైనా ఆటోమేటిక్ కొంటే, పక్కనే నిలబడి ఇంకో ప్రశ్న కూడా అడగండి. గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి, అది ఎలా చల్లబడుతుంది? జవాబు తెలుగులోనే చెప్పమనండి. చెప్పలేకపోతే, పైనున్నది చదివి మనమే చెబుదాం.