దాచిన మాటలే దూరం పెంచుతాయి
విదేశంలో పనిచేసే వారి కుటుంబాలకు కొన్ని సూచనలు



మన ట్రస్టుకు వచ్చే స్కాలర్‌షిప్ దరఖాస్తులను పరిశీలించే పనిలో కొన్నేళ్ళుగా నేనూ పాలుపంచుకుంటున్నాను. 'తండ్రి వృత్తి' అన్న చోట 'సౌదీలో డ్రైవరు', 'కువైట్‌లో పని' అని కనిపిస్తే నా చెయ్యి కాసేపు ఆగిపోతుంది. ఒకప్పుడు ఇదే ట్రస్టు దరఖాస్తులో నేనూ అలాగే రాశాను. ఆ ఇళ్ళలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. అందుకే ఈ నాలుగు మాటలు.

వలస మనకు కొత్త కాదు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి, కాలువలకు నీళ్ళు వచ్చాక కోస్తా జిల్లాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు సిరుగుప్ప, గంగావతి, సింధనూరు ప్రాంతాలకు వచ్చి క్యాంపులు వేసుకున్నాయి. మా తాతయ్య కూడా అలా గోదావరి జిల్లా నుంచి దేశనూరు పక్కకు వచ్చినవారే. కానీ ఆయన అవ్వను, పిల్లలను, ఎడ్లను కూడా వెంట తెచ్చుకున్నారు. గల్ఫ్ వలస అలాంటిది కాదు. మనిషి ఒక్కడే వెళతాడు, సంసారం ఇక్కడే ఉంటుంది. కరీంనగర్, నిజామాబాద్ నుంచి మగవాళ్ళు, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి ఆడవాళ్ళు దశాబ్దాలుగా ఇలాగే వెళుతున్నారు.

మా ఇంట్లో జరిగింది

మా నాన్న 2006లో సౌదీ వెళ్ళారు. ఏజెంటుకు కట్టడానికి 80,000 రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. అంటే నెలకు వడ్డీయే 2,400. డ్రైవరు పని, 900 రియాళ్ళ జీతం అన్నారు. అక్కడికి వెళ్ళాక ఇచ్చింది 600. ఆ సంగతి మాకు చెప్పలేదు.

2007లో నేను రెండో పి.యు.సి. గణితంలో తప్పాను. అమ్మ ఫోనులో "పాసయిందండీ" అని చెప్పింది. పరాయి దేశంలో ఉన్న మనిషిని బాధపెట్టడం ఎందుకని ఆమె ఉద్దేశం. సప్లిమెంటరీ ఫీజుకు, ట్యూషనుకు గాజులు తాకట్టు పెట్టింది. అది కూడా చెప్పలేదు.

ఆ ఏడాది చివర్లో నాన్న పనిచేసే చోట జీతాలు ఆగిపోయాయి. ఆయన గదిలో వాళ్ళ దగ్గర అప్పు చేసి నెలనెలా 5,000 పంపుతూనే ఉన్నారు. డబ్బు వస్తోంది కదా అని అమ్మ ముందు గదికి స్లాబు వేయించడానికి మేస్త్రికి 20,000 అడ్వాన్సు ఇచ్చింది. అక్కడ నాన్నేమో కూతురు ఇంజనీరింగులో చేరుతుందని, ఫీజు కోసం ఇంకో అప్పు మాట్లాడుకున్నారు.

2008 సంక్రాంతికి నాన్నతో పనిచేసే ఆయన సెలవు మీద వచ్చి మా ఇంటికి వచ్చారు. మాటల్లో, "అన్నయ్యకు జీతం రాక ఐదు నెలలైంది వదినా, మీకు చెప్పలేదా?" అన్నారు. అమ్మ చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

ఆ రాత్రి నాన్న ఫోను చేస్తే అమ్మ అడిగింది. "చెబితే నువ్వు నిద్రపోవు కదా" అన్నారు నాన్న. అప్పుడు అమ్మ నా పరీక్ష సంగతి, గాజుల సంగతి చెప్పింది. చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. చివరికి నాన్న, "మనం ఒకళ్ళ మీద ఒకళ్ళకు ప్రేమతోనే మోసం చేసుకున్నాం" అన్నారు.

ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. కానీ ఆయనకు జీతం లేదని తెలిస్తే అమ్మ స్లాబుకు అడ్వాన్సు ఇచ్చేది కాదు. నేను తప్పానని తెలిస్తే నాన్న ఇంజనీరింగు కోసం అప్పు మాట్లాడేవారు కాదు. దూరం కన్నా ఈ దాపరికమే మాకు ఎక్కువ నష్టం చేసింది. నేను చెప్పదలచుకున్న ముఖ్య విషయం ఇదే. కింది సూచనలన్నీ దీని చుట్టూ ఉన్నవే.

1. వెళ్ళే ముందు

పదో తరగతి పాస్ కానివారికి సాధారణంగా ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు వస్తుంది. వారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఇందుకోసమే వచ్చింది. ఇప్పుడు ఇదంతా ఇ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా జరుగుతుంది. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కూడా అందులోనే చూసుకోవచ్చు. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే. అంతకు మించి అడిగితే అనుమానించండి, ఇచ్చే ప్రతి పైసాకూ రసీదు అడగండి. విజిట్ వీసా మీద పంపి, అక్కడ మారుస్తామంటే ఒప్పుకోకండి. ఆ వీసా మీద పనిచేయడం అక్కడ నేరం.

ఇ.సి.ఆర్. వారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు కడితే ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల బీమా ఉంటుంది. పాలసీ కాగితం ఇంట్లో ఉండాలి, నామినీ పేరు సరిగా ఉండాలి.

2. ఇంట్లో ఉండాల్సిన కాగితాలు

నాన్న వెళ్ళినప్పుడు మా ఇంట్లో ఒక్క కాగితం కూడా లేదు. కంపెనీ పేరు కూడా మాకు సరిగా తెలియదు. ఒక ఫైలు పెట్టి అందులో ఇవి ఉంచండి: పాస్‌పోర్టు, వీసా నకళ్ళు, పని ఒప్పందం నకలు, కంపెనీ పేరు, ఊరు, ఫోను నంబరు, అక్కడి గుర్తింపు కార్డు నకలు, బీమా పాలసీ, ఏజెంటు రసీదులు, కలిసి పనిచేసే ఇద్దరి ఫోను నంబర్లు. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మనిషి ఫోను పలకనప్పుడు మొదట పనికొచ్చేది అదే.

పాస్‌పోర్టు ఉద్యోగి దగ్గరే ఉండాలి. సౌదీ, కువైట్, ఖతార్, యు.ఎ.ఇ. చట్టాల ప్రకారం కూడా యజమాని దాన్ని లాగేసుకోవడం తప్పే.

3. డబ్బు లెక్క

ఆ సంక్రాంతి తరువాత అమ్మ ఒక నోటుపుస్తకం పెట్టింది. ఎడమ పేజీలో వచ్చిన డబ్బు, కుడి పేజీలో ఖర్చు. నెలకు ఒకసారి ఫోనులో చదివి వినిపించేది. నాన్న కూడా తన జీతం, తన ఖర్చు చెప్పేవారు. వడ్డీ అప్పు ముందు తీర్చడం, తరువాత చదువు, ఆ తరువాతే ఇల్లు అని వరస పెట్టుకున్నారు. స్లాబు పని మూడేళ్ళు ఆగింది. ఊళ్ళో నలుగురూ అడిగారు, అమ్మ పట్టించుకోలేదు.

డబ్బు బంధువుల చేతికి కాకుండా భార్య పేరున ఉన్న ఖాతాకు, బ్యాంకు ద్వారానే పంపించుకోండి. హవాలా నమ్మవద్దు. పోతే అడగడానికి ఆధారం ఉండదు.

4. ఫోను, పిల్లలు

మా ఇంట్లో శుక్రవారం సాయంత్రం ఫోను రోజు. అక్కడ వారి సెలవు అదే. సౌదీ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఆ రోజుల్లో మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి చేసేవారు, నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడేవాళ్ళం. ఇప్పుడు వీడియో కాల్ ఉంది. రోజూ ముఖం చూస్తున్నాం కదా అని అసలు మాట వాయిదా పడుతుంది. "తిన్నావా, బాగున్నావా" దగ్గరే ఆగకండి. వారానికి ఒకసారైనా జీతం వచ్చిందా, ఒంట్లో ఎలా ఉంది, పిల్లల మార్కులు ఎన్ని అన్న మూడు విషయాలు నిజంగా మాట్లాడుకోండి. పిల్లల మార్కుల కార్డు ఫోటో తీసి పంపండి, తక్కువ వచ్చినా సరే.

తల్లులకు ఒక మాట. "నాన్న వచ్చాక నీ పని చెబుతా" అని పిల్లలను బెదిరించకండి. రెండేళ్ళకు ఒకసారి వచ్చే మనిషిని చూసి పిల్లలు భయపడకూడదు. తల్లి వెళ్ళి, పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉన్న ఇళ్ళలో బడికి వెళ్ళి టీచరుకు ఆ సంగతి చెప్పండి. మేము టీచర్లం అడగనిదే తెలుసుకోలేం.

5. కష్టం వచ్చినప్పుడు

జీతం రెండు నెలలు ఆగితే ఆలస్యం చేయకండి. భారత రాయబార కార్యాలయానికి ఫిర్యాదు చేయండి. 2015 నుంచి 'మదద్' అనే ప్రభుత్వ వెబ్‌సైటు ఉంది, కుటుంబ సభ్యులు ఇక్కడి నుంచే అందులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత ఫోను నంబరు 1800 11 3090. 2009లో మొదలైన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి నిరాధారంగా ఉన్నవారికి వసతి, తిరుగు టికెట్టు, భౌతికకాయం స్వదేశానికి చేర్చడం వంటి సాయం రాయబార కార్యాలయాలు చేస్తాయి. మన జిల్లా వారు బళ్ళారిలో డి.సి. కార్యాలయంలో కూడా అర్జీ ఇవ్వవచ్చు.

కోపంతో పని వదిలి పారిపోవడం మాత్రం వద్దు. సౌదీలో యజమాని 'హురూబ్' అని, అంటే పారిపోయాడని నమోదు చేస్తే, బాకీ జీతం అడగాల్సిన మనిషే నేరస్థుడైపోతాడు. మా నాన్న, ఇంకో ఆరుగురు కలిసి రియాద్‌లోని మన రాయబార కార్యాలయానికి అర్జీ పెట్టుకున్నారు. ఐదు నెలల బాకీలో మూడు నెలలది వచ్చింది. మిగతాది రాలేదు. ఆ వచ్చిన దానితో గదిలో వాళ్ళ అప్పు తీరింది.

విద్యార్థులకు

మీ నాన్నో అమ్మో దూరాన ఉన్నారంటే మీ మీద బరువు ఉందని నాకు తెలుసు. బ్యాంకుకు వెళ్ళేది మీరే, ఫారాలు నింపేది మీరే. ఆ పని గర్వంగా చేయండి. కానీ ఫెయిలైతే దాచకండి. నేను ఆ సప్లిమెంటరీలో పాసయ్యాను. ఇంజనీరింగు కాలేదు. ఈ ట్రస్టు సాయంతో బి.ఎస్సీ., తరువాత బి.ఇడి. చేసి ఈ రోజు అదే గణితం పిల్లలకు చెబుతున్నాను. మీకు వీలైతే పదో తరగతి ఎట్టి పరిస్థితిలోనూ ఆపకండి. ఆ సర్టిఫికెట్టు ఉంటే పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. ముద్ర ఉండదు. అప్పుడు అనుమతి అవసరం ఉండదు గానీ, మోసం జరిగే అవకాశం పోదు. ఒప్పందం చదివే పని ఇక మీదే.

దరఖాస్తులో ఇంటి పరిస్థితి ఉన్నది ఉన్నట్టు రాయండి. విదేశంలో ఉన్నవారికి జీతం ఆగిపోయి ఉంటే ఆ మాట కూడా రాయండి. అది సిగ్గుపడే విషయం కాదు.

నాన్న 2011లో వచ్చేశారు. ఇప్పుడు మడిలో నీళ్ళు చూసుకుంటున్నారు. అమ్మ నోటుపుస్తకం ఇంకా రాస్తోంది. ఈ శుక్రవారం మీ ఇంట్లో ఫోను మోగినప్పుడు, ఇన్నాళ్ళూ చెప్పకుండా ఆపిన మాట ఒకటి చెప్పండి.