ఊదా జేడ్: చెప్పేదొకటి, రాయి ఒకటి

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు రంగురాళ్ల మీద మోజు పాతదే. ‘ఊదా జేడ్’ అన్న పేరు మాత్రం కొత్తగా వినిపిస్తోంది. లేత వంకాయరంగు రాయి చూపించి, ఇది చాలా అరుదు, ఇంట్లో ఉంటే శాంతి, ఒంటిమీద ఉంటే ఆరోగ్యం అంటారు. డబ్బు తీసే ముందు రాయి సంగతి తెలుసుకోవడం మంచిది.

అపోహ: వజ్రాలిచ్చిన కృష్ణ ఒడ్డున ఇదీ దొరుకుతుంది.

వజ్రాల కొల్లూరు పల్నాడులోది, వేమూరు పక్కనున్న మన కొల్లూరు కాదు. ఆ పాత గనుల చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. మన డెల్టా నేల నది మోసుకొచ్చిన ఒండ్రు. అసలు ఊదా జేడ్ అంటే జేడైట్ అనే ఖనిజం. అది పుట్టాలంటే భూఫలకాలు ఒకదాని కిందికి ఒకటి దూరే చోట ఉండే విపరీతమైన ఒత్తిడి కావాలి. అందుకే ఊదా రకం మయన్మార్, గ్వాటెమాలా, తుర్కియేల నుంచి వస్తుంది. నవరత్నాల్లోనూ జేడ్ లేదు.

అపోహ: ఊదాగా ఉండి, గాజును గీస్తే అసలుదే.

జేడ్ పేరుతో ఉన్నవి రెండు వేర్వేరు ఖనిజాలు: నెఫ్రైట్, జేడైట్. ఈ తేడాను 1863లో ఫ్రెంచి శాస్త్రవేత్త అలెక్సీ దామూర్ తేల్చాడు. లావెండర్ జేడ్‌గా పేరున్నది జేడైటే. చవగ్గా దొరికే ‘ఊదా జేడ్’ పూసలు చాలావరకు రంగు పట్టించిన క్వార్ట్జ్ రాళ్లు. క్వార్ట్జ్ కూడా గాజును గీస్తుంది, కాబట్టి ఆ పరీక్ష దేన్నీ తేల్చదు. చేతికి చల్లగా తగలడమూ అంతే.

పనికొచ్చే పరీక్ష నగల కొట్టులోని త్రాసుతోనే చేయొచ్చు, రాయి విడిగా ఉంటే చాలు. ముందు మామూలుగా తూచాలి. తర్వాత సన్నని దారంతో కట్టి, నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీసి తూచాలి. 33 గ్రాముల రాయి నీళ్లలో 23 తూగితే తగ్గింది 10. 33ని 10తో భాగిస్తే 3.3, అది జేడైట్ సాంద్రత. అదే బరువున్న క్వార్ట్జ్ అయితే నీళ్లలో ఇరవైన్నర దాకా వస్తుంది. ఫ్లోరైట్ కూడా జేడైట్‌కు దగ్గరగా తూగుతుంది, కానీ దాన్ని చాకు మొన గీసేస్తుంది.

ఇంతా చేసి జేడైట్ అని తేలినా పని సగమే అయినట్టు. మైనం మెరుగు తప్ప ఏమీ చేయనిది ‘ఎ’ రకం. ఆమ్లంలో నానబెట్టి ప్లాస్టిక్ జిగురు ఎక్కించినది ‘బి’. రంగు వేసినది ‘సి’. ఏది ఏ రకమో కంటికి తెలియదు, ల్యాబ్‌లో పరారుణ కిరణాల పరీక్ష లాంటివి కావాలి.

అపోహ: జేడ్‌లో ఊదాయే అన్నిటికన్నా ఖరీదు.

కాదు. నిగనిగలాడే పారదర్శకమైన పచ్చదే మొదటి స్థానం.

ఇక అన్నిటికన్నా నష్టం చేసే అపోహ: ఈ రాయి బీపీ, షుగర్ తగ్గిస్తుంది, కిడ్నీలో రాళ్లు కరిగిస్తుంది.

కిడ్నీల మాట 16వ శతాబ్దంలో స్పెయిన్‌వాళ్లు మధ్య అమెరికా నుంచి యూరప్‌కు మోసుకెళ్లిన నమ్మకం. అది ఋజువు కాలేదు. ఇలాంటి రాళ్ల ప్రభావం గురించి 2001లో లండన్ గోల్డ్‌స్మిత్స్ కాలేజీలోని మనస్తత్వవేత్త క్రిస్టఫర్ ఫ్రెంచ్ బృందం 80 మందిని పరీక్షించింది. కొందరి చేతిలో అసలు స్ఫటికాలు, కొందరి చేతిలో నకిలీవి పెట్టింది. వెచ్చదనం, జలదరింపు రెండు వర్గాలవాళ్లూ ఒకేలా చెప్పారు. ఏమనిపించవచ్చో ముందే విన్నవాళ్లకు ఇంకా ఎక్కువ అనిపించింది. అంటే పని చేసింది మనసు. ఆ ఊరట అబద్ధమని నేననను. కానీ దాన్ని నమ్మి మాత్రలు మానేస్తే షుగర్ ఊరుకోదు. తాయెత్తులు, కవచాలు రోగం నయం చేస్తాయని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది కూడా. రాయిని రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు తాగమనే సలహా మరీ ప్రమాదం. రంగేసిన రాయి నుంచి ఆ నీళ్లలోకి ఏం దిగుతుందో ఎవరు హామీ ఇస్తారు?

స్ఫటికం మీద గౌరవం మన నేలకు పరాయిది కాదు. తెనాలి–రేపల్లె రైలు మార్గంలోని భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపినప్పుడు శాసనాలున్న రాతి పేటికలు, వాటిలో స్ఫటిక భరిణె బయటపడ్డాయి. అది బుద్ధుడి ధాతువులను భద్రపరచడానికి. అక్కడ స్ఫటికం భక్తితో ఇచ్చిన కానుక, మందు కాదు.

సేకరణ కోసం కొనేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2020 జులై 2న మయన్మార్‌లోని ఫాకాంత్ జేడ్ గనిలో మట్టిదిబ్బ కూలి 170 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పారబోసిన మట్టిలో రాళ్లు ఏరుకునే పేదలు. అందుకే రాయి ఏ దేశానిదో అడగండి. బిల్లు మీద ‘సహజ జేడైట్, ఎ రకం’ అని రాయించుకోండి, ల్యాబ్ సర్టిఫికెట్ తీసుకోండి. రాయనంటే ఆ రాయి అక్కడే వదిలేసి రండి.