చేతిలో వాకీటాకీ: మాట ఎంత దూరం వెళ్తుందో ఎలా తెలుస్తుంది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. గాలివాన తగ్గేసరికి నగరంలో కరెంటు లేదు. చాలాచోట్ల ఫోన్లూ పనిచేయలేదు. పక్క పేటలో ఉన్న బంధువులు క్షేమంగా ఉన్నారో లేదో తెలుసుకోవాలన్నా కూలిన చెట్లను దాటుకుంటూ నడిచి వెళ్లాల్సిన పరిస్థితి.

ఇలాంటి వేళల్లో టవర్లతో, కేబుళ్లతో పనిలేకుండా ఒకరి నుంచి ఒకరికి నేరుగా మాట చేరవేసే సాధనం టూ-వే రేడియో. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు హ్యామ్ రేడియో ఆపరేటర్ భారతీ ప్రసాద్ తన బృందంతో పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. హ్యామ్ కార్యక్రమం కోసం అక్కడికి వెళ్లిన ఆ బృందం, విపత్తు రాగానే ద్వీపాల నుంచి ప్రధాన భూభాగానికి సమాచారం అందించే పనిలోకి దిగింది. అంత దూరం సముద్రం దాటి మాట వెళ్లడానికి వాడేది షార్ట్‌వేవ్. ఆ తరంగాలు పైనున్న అయనోస్ఫియర్‌ను తాకి మళ్లీ భూమికి వంగి వస్తాయి.

చేతిలో పట్టుకునే వాకీటాకీ సంగతి వేరు. అది వాడే వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ తరంగాలు సాధారణంగా అలా వంగి తిరిగి రావు. పైకి వెళ్లినవి అంతరిక్షంలోకి సాగిపోతాయి. నేల మీద వెళ్లినవి కొండనో, భవనాల గుంపునో ఢీకొంటాయి. మరి సహాయ శిబిరం నుంచి ఊరి చివరి కాలనీకి ఈ సెట్టుతో మాట చేరుతుందా? పెట్టె మీద అచ్చేసిన కిలోమీటర్ల అంకె ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. ఆ ఊళ్లో, ఆ సెట్టుతో, తుపాను రాకముందే చేసిన పరీక్ష చెబుతుంది.

అంతరిక్షానికి అందే మాట, కొండ వెనక్కి అందదు

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటుంది. అందులో హ్యామ్ రేడియో పరికరాలు ఉన్నాయి. అక్కడి రిపీటర్ 145.990 మెగాహెర్ట్జ్ మీద వింటుంది, విన్నదాన్ని 437.800 మెగాహెర్ట్జ్ మీద తిరిగి వినిపిస్తుంది. చేతిలో 5 వాట్ల వాకీటాకీ, దానికి తగిలించిన చిన్న యాగీ యాంటెన్నా ఉంటే, కేంద్రం తలమీదుగా వెళ్లే కొద్ది నిమిషాల్లో దాని ద్వారా మాట్లాడటం సాధ్యమే. అదే వాకీటాకీ మధ్యలో కొండ అడ్డొస్తే రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న మిత్రుడిని అందుకోలేకపోవచ్చు.

ఈ వింతకు కారణం ఒక్కటే. అంతరిక్ష కేంద్రానికీ సెట్టుకూ మధ్య అడ్డేమీ లేదు. ఖాళీ దారి ఉంటే 5 వాట్లు చాలా ఎక్కువ. దారి మూసుకుపోతే 50 వాట్లయినా తక్కువే.

అడ్డేమీ లేని చదునైన నేల మీద కూడా ఒక హద్దు ఉంది. భూమి గుండ్రంగా ఉండటమే ఆ హద్దు. దీనికి ఒక తేలికైన లెక్క ఉంది. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చిస్తే రేడియో దిగంతం ఎంత దూరమో కిలోమీటర్లలో వస్తుంది. కంటిచూపుకైతే ఆ అంకె 3.57 మాత్రమే. వాతావరణంలో రేడియో తరంగాలు కాస్త కిందికి వంగుతాయి కాబట్టి అవి చూపు కంటే కొంచెం దూరం వెళ్తాయి.

నిలబడిన మనిషి చేతిలోని సెట్టు ఎత్తు మీటరున్నర అనుకుంటే దాని దిగంతం 5 కిలోమీటర్లు. అవతలి మనిషిదీ అంతే కాబట్టి ఇద్దరి మధ్య గరిష్ఠంగా 10 కిలోమీటర్లు. ఒకరు 9 మీటర్ల ఎత్తున్న మేడ మీదికెక్కితే ఆ హద్దు 17 కిలోమీటర్లకు పెరుగుతుంది. చుట్టుపక్కల నేల కంటే 100 మీటర్లు ఎత్తున్న కొండ ఎక్కితే 46 కిలోమీటర్లవుతుంది. ఇవన్నీ అడ్డంకులు లేనప్పటి పై హద్దులు. కాంక్రీటు భవనాలు, దట్టమైన తోపులు, గుట్టలు వీటిని ఇంకా కుదిస్తాయి. పెట్టె మీది అంకె అబద్ధం కాకపోవచ్చు, కానీ అది ఏదో ఒక కొండ మీద మాత్రమే నిజం.

వాట్లు పెంచడం కంటే మేడ ఎక్కడం మేలు

5 వాట్ల సెట్టు బదులు 10 వాట్ల సెట్టు కొంటే దూరం రెట్టింపవుతుందని చాలామంది అనుకుంటారు. ఖాళీ ఆకాశంలో కూడా దూరం రెట్టింపు కావాలంటే పవర్ నాలుగు రెట్లు కావాలి. నేలకు దగ్గరగా పరిస్థితి ఇంకా కఠినం. నేరుగా వెళ్లిన తరంగమూ, నేలను తాకి ఎగిరిన తరంగమూ అవతల కలిసేసరికి ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. అందువల్ల చదునైన నేల మీద దూరం రెట్టింపు కావడానికి సుమారు 16 రెట్ల పవర్ అవసరం. ఆ లెక్కన పవర్‌ను రెట్టింపు చేస్తే పెరిగే దూరం ఐదో వంతుకు మించదు. బ్యాటరీ మాత్రం త్వరగా ఖాళీ అవుతుంది.

అదే యాంటెన్నా ఎత్తును రెట్టింపు చేస్తే, పవర్‌ను నాలుగు రెట్లు చేసినంత ఫలితం వస్తుంది. మెట్లెక్కడానికి బ్యాటరీ ఖర్చు లేదు.

యాంటెన్నాలో సగం చెయ్యే

145 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు రెండు మీటర్లకు కొంచెం ఎక్కువ. దానికి సరైన పావు తరంగ యాంటెన్నా దాదాపు అర మీటరు ఉండాలి. కానీ సెట్టుతో పాటు వచ్చే రబ్బరు తొడుగు యాంటెన్నా జానెడు ఉంటే ఎక్కువ. లోపల తీగను స్ప్రింగులా చుట్టి పొడవును కుదిస్తారు. జేబులో పట్టే ఆ సౌకర్యానికి మూల్యం, బయటికి వెళ్లే శక్తిలో కొంత భాగం.

పావు తరంగ యాంటెన్నా ఒంటరిగా పనిచేయదు. దానికి రెండో సగం కావాలి. కారుకైతే లోహపు పైకప్పు ఆ పని చేస్తుంది. వాకీటాకీకి సెట్టులోని లోహ భాగాలూ, దాన్ని పట్టుకున్న చెయ్యీ ఆ పని చేస్తాయి. అందుకే సెట్టును బల్ల మీద పెట్టినప్పుడు, చేత్తో పట్టుకున్నప్పుడు ఫలితం మారుతుంది. యాంటెన్నా మొదట్లో ఉండే లోహపు అంచుకు అర మీటరు తీగ ఒకటి తగిలించి కిందికి వేలాడదీస్తే, ఆ కొరవడిన సగం దొరికి చాలా సెట్ల సిగ్నల్ మెరుగుపడుతుంది. నడుముకు కట్టుకున్న సెట్టు మాత్రం నష్టపోతుంది. నీరు ఎక్కువగా ఉండే మనిషి శరీరం అటువైపు వెళ్లే తరంగాలను పీల్చుకుంటుంది. సెట్టును ముఖం ఎత్తుకు తెచ్చి, యాంటెన్నాను నిలువుగా ఉంచి మాట్లాడటమే ఖర్చులేని మొదటి మెరుగుదల.

యాంటెన్నా మంచిదో కాదో చెప్పడానికి చాలామంది స్టాండింగ్ వేవ్ రేషియో అనే కొలతను చూపిస్తారు. సెట్టు పంపిన శక్తిలో యాంటెన్నా తిప్పికొట్టింది ఎంతో ఇది చెబుతుంది. నిష్పత్తి 2 అయితే సుమారు 11 శాతం, 3 అయితే 25 శాతం వెనక్కి వస్తుంది. అయితే ఇందులో ఒక మోసం దాగి ఉంది. ప్రయోగశాలల్లో యాంటెన్నాకు బదులు 50 ఓమ్‌ల రెసిస్టరును తగిలిస్తుంటారు. దాని నిష్పత్తి దాదాపు 1, అంటే అన్నింటికంటే ఉత్తమం. కానీ అది వెళ్లిన శక్తినంతా వేడిగా మార్చేస్తుంది, గాలిలోకి పంపేది దాదాపు శూన్యం. శక్తి వెనక్కి రాలేదని మాత్రమే మీటరు చెప్పగలదు. ఎక్కడికి వెళ్లిందో చెప్పలేదు. అది తెలియాలంటే దూరాన ఒక చెవి ఉండాలి.

ఇద్దరు మనుషులు, ఒక నోటు పుస్తకం

పరీక్షకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఒకరు ఒకేచోట కదలకుండా ఉంటారు. రెండోవారు ముందే గుర్తుపెట్టుకున్న చోట్లకు వెళ్లి, ప్రతిచోటా తమ కాల్ సైన్ చెప్పి మాట్లాడతారు. మొదటివారు మాట స్పష్టతకు 1 నుంచి 5 వరకు మార్కులు వేసి, చోటు, సమయం, పవర్, యాంటెన్నా రకం రాసుకుంటారు. పని ఇంతే అయినా నాలుగు జాగ్రత్తలు తప్పనిసరి.

మొదటిది, ఒకసారికి ఒక్కటే మార్చడం. యాంటెన్నాతో పాటు నిలబడే చోటు కూడా మారితే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు.

రెండోది, ఒక్క చోటును నమ్మకపోవడం. గోడల మీద నుంచి, వాహనాల మీద నుంచి ఎగిరి వచ్చే తరంగాలు కొన్నిచోట్ల కలిసి బలపడతాయి, కొన్నిచోట్ల రద్దవుతాయి. 145 మెగాహెర్ట్జ్ మీద ఈ బలహీన బిందువులు మీటరు దూరంలోనే మారిపోవచ్చు. 435 మెగాహెర్ట్జ్ మీద జానెడున్నర చాలు. ఒక అడుగు పక్కకు జరిగితే చచ్చిన సిగ్నల్ బతుకుతుంది. అందుకే ప్రతిచోటా అటూ ఇటూ జరుగుతూ పదిసార్లు చూసి సగటు తీయాలి. లేదంటే మంచి యాంటెన్నాకు చెడ్డపేరు, చెడ్డదానికి మంచిపేరు వస్తుంది.

మూడోది, రెండు యాంటెన్నాలూ నిలువుగా ఉండటం. ఒకటి నిలువుగా, మరొకటి అడ్డంగా ఉంటే అందే సిగ్నల్ బాగా పడిపోతుంది.

నాలుగోది, తక్కువ పవర్‌తో పరీక్షించడం. ఎఫ్‌ఎం ధ్వనిలో ఒక గుణం ఉంది. సిగ్నల్ కొంత మట్టం దాటితే చాలు, బలంగా ఉన్నా బలహీనంగా ఉన్నా ఒకేలా స్పష్టంగా వినిపిస్తుంది. ఆ మట్టం కిందికి దిగగానే ఒక్కసారిగా గరగరలో మునిగిపోతుంది. కాబట్టి 5 వాట్ల మీద బాగా వినిపించిందంటే అంచుకు ఎంత దగ్గరగా ఉందో తెలియదు. 1 వాటుతో కూడా స్పష్టంగా వినిపిస్తే, 5 వాట్ల మీద 7 డెసిబెల్‌ల నిల్వ చేతిలో ఉన్నట్టు. తడిసిన చెట్లు, మూసిన కిటికీలు, సగం ఖాళీ అయిన బ్యాటరీ ఎదురైనప్పుడు ఆ నిల్వే ఆదుకుంటుంది.

రిపీటర్ చెప్పే సగం నిజం

కొండ మీదో, ఎత్తైన భవనం మీదో ఉండే రిపీటర్ ఒక ఫ్రీక్వెన్సీ మీద విని, అదే క్షణంలో మరో ఫ్రీక్వెన్సీ మీద ఎక్కువ పవర్‌తో తిరిగి వినిపిస్తుంది. 145 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఈ రెండింటి మధ్య ఎడం సాధారణంగా 600 కిలోహెర్ట్జ్. పక్కనే అరుస్తున్న తన గొంతుకే తన చెవి మూసుకుపోకుండా దానికి ప్రత్యేక ఫిల్టర్లు అమరుస్తారు. 100 మీటర్ల కొండకు చెరోవైపు ఉన్న ఇద్దరు, చదునైన నేల లెక్క ప్రకారం 90 కిలోమీటర్ల ఎడంలో ఉన్నా దాని ద్వారా మాట్లాడుకోవచ్చు.

పరీక్ష చేసేవారిని రిపీటర్ మూడు రకాలుగా తప్పుదారి పట్టిస్తుంది. సెట్టు తెర మీద కనిపించే సిగ్నల్ గీతలు రిపీటర్ బలాన్ని చూపిస్తాయి, అవతల మాట్లాడుతున్న మిత్రుడి బలాన్ని కాదు. ఎక్కువ పవర్ ఉన్న రిపీటర్ మాట ఇక్కడికి బాగా వినిపించినంత మాత్రాన 5 వాట్ల మాట అక్కడికి చేరుతుందనీ కాదు. ఇక చాలా రిపీటర్లు మాటతో పాటు చెవికి పట్టని సన్నని టోన్ ఒకటి వస్తేనే తెరుచుకుంటాయి. అంతరిక్ష కేంద్రం రిపీటర్‌కు అది 67 హెర్ట్జ్. సెట్టులో ఆ టోన్ పెట్టడం మరిచిపోతే, సిగ్నల్ చక్కగా చేరుతున్నా ఇక్కడ అందడం లేదని పుస్తకంలో తప్పుగా రాసుకుంటారు.

వీటన్నిటికంటే పెద్ద ప్రశ్న మరొకటి. రిపీటరే ఆగిపోతే? దీనికి భారత్‌కు తెలిసిన ఉదాహరణ ఆకాశంలోనే ఉంది. ఇస్రో 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 రాకెట్‌తో కార్టోశాట్-1తో పాటు 42.5 కిలోల హ్యామ్‌శాట్‌ను పంపింది. అది 435 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో వచ్చిన సంకేతాలను 145 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో తిరిగి పంపుతూ, ప్రపంచమంతటి హ్యామ్‌లకు ఆకాశంలో వంతెనలా తొమ్మిదేళ్లకు పైగా పనిచేసింది. 2014 జులైలో బ్యాటరీలు విఫలమై దాని సేవలు ముగిశాయి. కొండ మీది రిపీటర్‌కూ ఇదే బలహీనత. కరెంటు పోయి, బ్యాటరీ ఖాళీ అయితే అది మూగబోతుంది. తుపాను గాలికి దాని యాంటెన్నా వంగిపోవచ్చు కూడా.

ఒక ఊరికి రెండు పటాలు

అందుకే ఒక ఊరికి సిగ్నల్ పటం గీసేటప్పుడు ఒకటి సరిపోదు, రెండు కావాలి. మొదటిది రిపీటర్ ఉన్నప్పుడు ఎక్కడెక్కడ మాట అందుతుందో చూపేది. రెండోది రిపీటర్ లేకుండా, ఒకే ఫ్రీక్వెన్సీ మీద సెట్టు నుంచి సెట్టుకు నేరుగా ఎక్కడెక్కడ అందుతుందో చూపేది. రెండో పటం ఎప్పుడూ చిన్నదే. కానీ ఏ పాఠశాల మేడ మీద నిలబడితే ఏ కాలనీ వినిపిస్తుందో, ఏ మలుపు దగ్గర మాటను అందుకుని ముందుకు చెప్పడానికి ఒక మనిషిని ఉంచాలో అదే చెబుతుంది. ఆ మనిషే అప్పటికి రిపీటర్.

ఈ పరీక్షలకు చట్టపరమైన అనుమతి ఉండాలి. హ్యామ్ బ్యాండ్లలో మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వ కమ్యూనికేషన్ల శాఖ నిర్వహించే పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి. 12 ఏళ్లు నిండినవారు ఆ పరీక్ష రాయవచ్చు. ఇతరులు మాట్లాడేది వింటూ, యాంటెన్నాలు తయారు చేస్తూ ముందే నేర్చుకోవడం మొదలుపెట్టేవారు ఎందరో. పోలీసు, విమానయానం వంటి సేవల ఫ్రీక్వెన్సీల మీద పరీక్ష పేరుతో బటన్ నొక్కడం నేరమే కాక, ప్రాణాలకు ముప్పు కూడా.

ఆదివారం ఉదయం ఇద్దరు మిత్రులు ఊరంతా తిరిగి నింపిన నోటు పుస్తకంలో పెద్ద సిద్ధాంతాలేవీ ఉండవు. నీళ్ల ట్యాంకు దగ్గర 5, సంతబజారు మలుపులో 2, గుట్ట వెనుక అందలేదు వంటి మాటలే ఉంటాయి. ఫోన్లు మూగబోయిన రోజున సహాయక బృందానికి కావలసింది సరిగ్గా ఆ మాటలే. అందలేదని రాసిన చోటుకు ఎవరినైనా ముందే పంపవచ్చు.