చీజ్ ఎట్లు మాగుతుంది?

జున్ను అనగానే మనకు ఈనిన గేదె తొలిపాలలో బెల్లము, మిరియాలపొడి కలిపి ఉడికించిన ముద్ద జ్ఞాపకం వస్తుంది. నిఘంటువులు చీజ్‌కు కూడా ఈ మాటనే అర్థంగా ఇస్తాయి గాని, రెండింటికీ పోలిక స్వల్పం. మన జున్ను ఆ పూటకే రుచి. చీజ్‌లో కొన్ని ఉత్తమజాతులు నెలలు, సంవత్సరాలు నిలువ ఉంటేనే గాని రుచికి రావు. పాలవంటి త్వరగా చెడిపోయే పదార్థం అంతకాలం నిలిచి, పైపెచ్చు మెరుగు కావడం ఎట్లు సాధ్యం? తడి ఆరిపోవడమే కారణమని చాలామంది తలుస్తారు. అది సగం సత్యం మాత్రమే.

ఉత్తర ఇటలీలో పార్మా, రెజ్జో ఎమీలియా, మోదెనా ప్రాంతాలలో తయారయ్యే పార్మిజానో రెజ్జానో అనే చీజ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ముందురోజు సాయంకాలపు పాలమీద మీగడ తీసి, ఉదయపు పాలతో కలిపి రాగి కాగులలో పోస్తారు. నిన్నటి పాలవిరుగుడు తేటను తోడు వేసి, దూడ కడుపునుండి తీసిన రెన్నెట్‌తో గడ్డ కట్టిస్తారు. (మత నియమాలను బట్టి గాని, శాకాహార నియమాన్ని బట్టి గాని ఈ విషయం విచారించేవారు మనలో ఉన్నారు. శిలీంధ్రాలనుండి తీసిన రెన్నెట్‌తో చేసే చీజ్‌లు కూడా నేడు అనేకం ఉన్నవి.) ఆ గడ్డను బియ్యపు గింజలంత ముక్కలుగా విరిచి, సుమారు 55 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, అచ్చులో పోసి, దాదాపు మూడు వారాలు ఉప్పునీటిలో ఉంచుతారు. సుమారు 550 లీటర్ల పాలకు 40 కిలోల చక్రం ఒకటి వస్తుంది. అది చెక్క అరలమీద కనీసం 12 నెలలు ఉండాలి. 24, 36 నెలలు ఉంచడం కూడా కలదు.

అసలు పని ఆ అరలమీదనే జరుగుతుంది. పాలలోని చక్కెరను సూక్ష్మజీవులు మొదటి కొద్దిదినాలలోనే ఆమ్లంగా మార్చివేస్తాయి. మిగిలినది కొవ్వు, కేసీన్ అనే మాంసకృత్తు. కేసీన్ అణువులు చాలా పెద్దవి, నాలుకకు రుచి తెలియనివి. పాలలో సహజంగా ఉన్నవీ, సూక్ష్మజీవులు చనిపోయి విచ్ఛిన్నమైనప్పుడు వెలువడినవీ అయిన ఎంజైములు ఈ అణువులను నెలల తరబడి కత్తిరిస్తాయి. చివరకు అమైనో ఆమ్లాలు విడివడతాయి. వాటిలో గ్లుటామిక్ ఆమ్లం ముఖ్యమైనది. 1908లో జపాను శాస్త్రజ్ఞుడు కికునే ఇకెదా సముద్రపు నాచు పులుసులో కనుగొన్న 'ఉమామి' రుచికి మూలం ఇదే. టైరోసిన్ అనే మరొక ఆమ్లం నీటిలో సరిగా కరగదు గనుక తెల్లని పలుకులుగా పేరుకొంటుంది. పంటికింద కరకరమనే ఆ పలుకులను ఉప్పు అనుకోవడం పొరపాటు. కొవ్వు విచ్ఛిన్నమైనందువల్ల ఘాటైన వాసనలు పుడతాయి.

చీజ్‌కు సాగే గుణం ఇచ్చేది కూడా కేసీన్ వలయే. వల తెగుతున్నకొలది సాగుడు పోతుంది. తడి కూడా తగ్గుతుంది. అందుచేతనే రెండేండ్ల చీజ్‌ను కోస్తే ముక్క తెగదు, పలుకులుగా విరుగుతుంది.

మాగితే ప్రతి చీజూ గట్టిపడుతుందని మాత్రం అనుకోరాదు. ఫ్రాన్సుదేశపు కమంబేర్‌లో తెల్లని బూజు పైపొర మీద పెరిగి ఆమ్లతను తగ్గిస్తుంది. కొద్దివారాలలోనే అది అంచునుండి లోపలికి మెత్తబడి, వెన్నవలె జారుతుంది. గడువు దాటితే అమ్మోనియా కంపు కొడుతుంది. ఎక్కువ కాలమే ఎక్కువ రుచి అనే మాట ఇక్కడ చెల్లదు.

కాలం ఎంత మేలు చేస్తుందో అంత ప్రమాదం కూడా తెస్తుంది. పాతరగడ్డి తిన్న ఆవుల పాలలో ఒకజాతి బాక్టీరియా బీజాలు చేరి, నెలల తరువాత చీజ్‌లో వాయువు పుట్టించి దానిని లోపల పగలగొట్టవచ్చు. అందువల్ల పార్మిజానోకు పాలిచ్చే ఆవులకు ఆ మేత నిషిద్ధం. పన్నెండవ నెలలో పరీక్షకుడు చిన్న సుత్తితో ప్రతి చక్రాన్ని తట్టి వింటాడు. లోపల బోలుతనం ఉంటే ఆ శబ్దం వేరు.

ఇంతకాలం రైతు సొమ్ము అరలమీద కదలక ఉండవలసినదే గదా! ఆ ప్రాంతపు క్రెదీతో ఎమీలియానో అనే బ్యాంకు మాగుతున్న చక్రాలనే తాకట్టుగా పెట్టుకొని అప్పు ఇస్తున్నది. అవి బ్యాంకు గిడ్డంగులలోనే ఉంటాయి. వాటిని వేళకు తిప్పడం, బూజు తుడవడం అక్కడివారి పనే.